పొయ్యి పక్కన పెట్టిన స్కీలు

నూర్‌లియా ఊరివాళ్ళు చాలా తప్పులు క్షమిస్తారు. కంచె రెండడుగులు ఇవతలికి జరిపినా, అప్పగించిన గొర్రెని అడవిలో పోగొట్టినా, చర్చిలో పాట అపస్వరంలో పాడినా, ఒక చలికాలం గడిస్తే మరిచిపోతారు. మంచు మీద జారే స్కీలకి తప్పు మైనం పూసినవాణ్ణి మాత్రం మరవరు. అలాంటివాడు చచ్చిపోయి, సమాధి దగ్గర అందరూ టోపీలు తీసి నిలబడ్డప్పుడు కూడా, "మంచివాడే పాపం. కానీ ఆ ఏడాది పందెంలో..." అని ఎవడో ఒకడు అందుకుంటాడు.

ఆ పేరుని ఐవిన్ పందొమ్మిదేళ్ళుగా మోస్తున్నాడు. నిజానికి ఆయన తప్పు మైనం పూయలేదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. ఆమె ఆయన చెల్లెలు సిగ్రూన్. తేలు కుట్టిన దొంగలా ఇన్నేళ్ళూ నోరు మూసుకుని కూర్చుంది.

మార్చి నెల, శుక్రవారం పొద్దున. మర్నాడు స్టూర్‌హో కొండ మీద స్కీల పందెం. కొండకి ఇవతల మొదలుపెట్టి, పైకెక్కి, అవతల దిగి, లోయ చుట్టి మళ్ళీ ఊళ్ళోకి రావాలి. నలభై రెండు కిలోమీటర్లు. సిగ్రూన్ వంటింట్లో ఏలకుల బన్నులకి పిండి పిసుకుతోంది. కింద నేలమాళిగలో ఆమె మొగుడు హాల్వర్ స్కీలకి మైనం పూస్తున్నాడు. పూస్తున్నాడో, వాటితో కుస్తీ పడుతున్నాడో పైనున్న ఆమెకి తెలియడం లేదు. తిట్లు మాత్రం మెట్లెక్కి వస్తున్నాయి.

"సిగ్రూన్! రేడియోలో ఏం చెప్పాడు?"

"కింద సున్నా. తడి మంచు. పైన మైనస్ ఎనిమిది."

తర్వాత ఇంకో తిట్టు, ఈసారి వాతావరణ శాఖని.

సున్నా అంటే మైనం పూసేవాడికి నరకం. గట్టి చలైతే గట్టి మైనం రుద్ది హాయిగా పడుకోవచ్చు. ఎండకి మంచు కరిగితే జిగురు మైనం పూసుకోవచ్చు. కింద తడి, పైన పొడి అయినప్పుడే మనిషి పనితనం బయటపడుతుంది. ఎక్కేటప్పుడు స్కీ అడుగు మంచుని పట్టుకోవాలి, జారేటప్పుడు వదిలెయ్యాలి. పట్టు లేకపోతే కొండమీద ఒకడుగు ముందుకి, రెండడుగులు వెనక్కి. పట్టు మరీ ఎక్కువైతే మంచంతా కాలికింద ముద్దకట్టి, గడ్డకట్టి, స్కీల మీద కాక ఇటుకల మీద నడిచినట్టుంటుంది. హాల్వర్ ఈ పందొమ్మిదేళ్ళలో రెండు రకాల్లోనూ ఆరితేరాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. తన స్కీలకి తానే పూసుకుంటాడు, తానే పడతాడు, మళ్ళీ ఏడాది మళ్ళీ తానే పూసుకుంటాడు.

గడువులోపల ఇరవైసార్లు పందెం పూర్తిచేసినవాళ్ళకి స్కీ క్లబ్బు వాళ్ళు పేరు చెక్కిన తగరపు లోటా ఇస్తారు. హాల్వర్‌కి నలభై ఏడేళ్ళు వచ్చేసరికే పదిహేను పూర్తయ్యాయి. అప్పట్లో ఆయన స్కీలకి మైనం పూసేది బావమరిది ఐవిన్. ఆ తర్వాత, అంటే మైనం తన చేతికే వచ్చాక, పూర్తయినవి నాలుగే. ఇంకొక్కటి మిగిలింది. ఈ చలికాలం డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, "ఈ ఒక్క ఏడాదికి వెళ్ళు. తర్వాత కుర్చీలో కూర్చుని టీవీలో చూసుకో" అన్నాడు.

అరవై ఆరేళ్ళ మనిషి తగరపు లోటా కోసం ఇంత తాపత్రయపడాలా అని ఎవరైనా అడగొచ్చు. అలా అడిగేవాళ్ళు నూర్‌లియాలో పుట్టినవాళ్ళు కారు.

సిగ్రూన్ చేతులు తుడుచుకుని మెట్ల మీంచి తొంగి చూసింది. హాల్వర్ స్కీల అడుగున ఎర్ర జిగురు మైనం పూస్తున్నాడు, రొట్టె మీద జామ్ పూసినట్టు లావుగా. కింద తడి మంచుకి అది బాగానే ఉంటుంది. పైన పొడి మంచు తగలగానే కొండలో సగం అంటుకుంటుంది. మైనం ఎప్పుడూ ముట్టని సిగ్రూన్‌కే ఆ సంగతి తెలుసు.

పందొమ్మిదేళ్ళ కింద కూడా సరిగ్గా ఇదే వాతావరణం.

ఆనాడు హాల్వర్, ఐవిన్ ఎలా ఉండేవారో ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. బావా అంటే బావా. కట్టెలు కొట్టినా ఇద్దరే, ఏటిలో చేపలు పట్టినా ఇద్దరే. పందెం ముందురోజు ఐవిన్ కొట్టులో ఇద్దరూ తలుపు వేసుకుని, వేలితో మంచు నలిపి, నాలుక మీద వేసుకుని మరీ తర్కించుకునేవారు. ఆ ఏడాది ఐవిన్ తన పనితనమంతా చూపించాడు. అడుగున జిగురు మైనం సన్నటి పొర వేసి, ఇస్త్రీపెట్టెతో అద్ది, బయట చలిలో చల్లార్చి, దానిమీద గట్టి నీలం మైనం దుప్పటిలా కప్పి, బెండుతో రుద్దాడు. "ఇక వీటిని వెచ్చటి చోటికి తేవద్దు బావా. తెల్లార్లూ గోడకి ఆనించి బయటే ఉంచు" అన్నాడు. హాల్వర్ ఆ మాట ఇంట్లో చెప్పి, అలాగే ఉంచాడు.

పొద్దున ఆరింటికి కాఫీ పెడుతూ సిగ్రూన్ కిటికీలోంచి చూసింది. తడి మంచు వాలుగా కొడుతోంది. స్కీలు తడిసి ముద్దవుతున్నాయి. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న కర్ర స్కీలని రోజూ పొయ్యి పక్కనే ఆరబెట్టేవాడు. అలా చేస్తే కర్ర వంకరపోదని, పూసిన తారుని బాగా తాగుతుందని అనేవాడు. ఆ అలవాటే ఆమె చేతుల్లో ఉంది. మొగుడి మీద ప్రేమా ఉంది. స్కీలు లోపలికి తెచ్చి, ఎర్ర ఉన్ని దిండున్న కుర్చీకి ఆనించి, పొయ్యికి దగ్గరగా పెట్టింది. గంటన్నర తర్వాత అన్న చెప్పిన మాట గుర్తొచ్చి, హాల్వర్ మేడ దిగకముందే గబగబా తీసుకెళ్ళి కారు మీద కట్టేసింది. ఇంతలో ఏమవుతుందిలే అనుకుంది.

ఏమవ్వాలో అదే అయింది. మొదటి పది కిలోమీటర్లకే, మూడోవాడుగా పోతున్న హాల్వర్ కాళ్ళకింద మంచు గడ్డలు కట్టింది. ఇంటి తాళంచెవితో గీకాడు, మళ్ళీ కట్టింది. రెండు వందల పదకొండోవాడుగా వచ్చాడు. ఊరంతా చూస్తుండగా స్కీలు విప్పి ఐవిన్ కాళ్ళ దగ్గర గిరాటేశాడు.

"స్కీలు అడిగితే ఎత్తు మడమల జోళ్ళిచ్చావురా! ఇంక నా వస్తువు ముట్టుకోకు!"

జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వే ఐవిన్ కొంప ముంచింది. జిల్లా జట్టుకి మైనం పూసే పని ఆయనకే ఇద్దామని ఆ వసంతంలో మాటలు నడుస్తున్నాయి. ఆ నవ్వు తర్వాత పనిలోకి రమ్మనే ఉత్తరం రాలేదు. హాల్వర్ ఐవిన్‌తో మాట్లాడటం మానేశాడు. మొదట్లో క్రిస్మస్ భోజనాల దగ్గర, "మీ అన్నని బంగాళాదుంపలు ఇటు జరపమను" అనైనా అనేవాడు. తర్వాత అదీ లేదు, బంగాళాదుంపలు లేకుండానే తినేవాడు.

సిగ్రూన్ ఆ రోజే చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదామనుకుంది. రేపు వారమైంది, వారం ఏడాదైంది. ఆలస్యమైనకొద్దీ తప్పు పెద్దదైపోయింది. అన్నిటికన్నా ఒక భయం ఆమెని పట్టి ఆపింది. ప్రాణస్నేహితుడితో ఇన్నేళ్ళు మాట్లాడకుండా ఉండగలిగినవాడు భార్యతో ఎన్నేళ్ళు ఉండలేడు? ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. అందులో ఒకరు మౌనం పడితే రెండోవాళ్ళు గోడలతో చెప్పుకోవాలి.

బన్నులు పొయ్యిలోంచి తీసి, పన్నెండు ఒక గుడ్డలో మూటకట్టి, ఆమె కోటు వేసుకుంది.

*

ఐవిన్ కొట్టు ఏటి ఒడ్డున ఉంది. తలుపు తెరవగానే తారు వాసన, కాలిన మైనం వాసన. గోడ పొడవునా చిన్నచిన్న డబ్బాలు. బల్లమీద ఎవరివో స్కీలు బోర్లా బిగించి ఉన్నాయి. ఐవిన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఇస్త్రీపెట్టె నడుపుతున్నాడు. నలుగురైదుగురు పాత మనుషులు ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తారు. మిగతావాళ్ళు పట్నంలో అంగడికి పోతారు.

"తలుపెయ్యి చెల్లాయ్, వేడి పోతోంది. డజను బన్నులే? నన్ను చంపి ఈ కొట్టు రాయించుకుందామనా?"

"ఈ తారు కొట్టు ఎవడిక్కావాలి?"

ఆయన బన్ను కొరికి, కళ్ళు మూసుకుని నమిలాడు. ఎటో చూస్తూ అడిగాడు. "మీ ఇంట్లో మనిషి రేపటికి ఏం పూస్తున్నాడు?"

పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న. పేరు పలకడు కానీ అడగడం మానడు.

"ఎర్ర జిగురు."

"సన్నగానేనా?"

"జామ్‌లాగా."

పన్ను పీకినట్టు ఐవిన్ మొహం పెట్టాడు. "పైన మైనస్ ఎనిమిదిరా దేవుడా. కొండని ఇంటికి మోసుకొస్తాడు."

సిగ్రూన్ కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని ఆమెకి తెలుసు. "ఐవిన్, ఆ ఏడాది... నువ్వు పూసింది సరిగ్గానే ఉంది. నేనే స్కీలని..."

ఐవిన్ ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టాడు. తీగ ఊడబెరికాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పొయ్యి పక్కన పెట్టావని. ఆ రోజు వాటిని ఇంటికి తెచ్చి గీకాను కదా. నీలం మైనం, జిగురు కలిసి ఒకటే ముద్దయిపోయాయి. వేడి తగలకుండా అలా కలవ్వు. పైగా ఆ ముద్దలో ఎర్ర ఉన్ని పోగొకటి. మీ వంటింటి కుర్చీ దిండు అల్లింది అమ్మే కదా, ఆ ఎరుపు నాకు తెలియదా?" ఆయన ఇంకో బన్ను తీసుకున్నాడు కానీ తినలేదు. "కర్ర స్కీలనుకున్నావు. నాన్న అలవాటు."

సిగ్రూన్ కుర్చీ లాక్కుంది. ఇప్పుడు కూర్చుంది. "ఆ పోగేం చేశావు?"

"పొయ్యిలో వేశాను. ఎవరైనా చూస్తే నిన్నడుగుతారని."

ఆమెకి ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. "ఎందుకు చెప్పలేదు మరి? నీ పేరు పోయింది! జిల్లా జట్టు పోయింది! ఊరంతా నవ్వింది! నోట్లో నాలుక లేదా నీకు?"

"పోయింది." ఐవిన్ కళ్ళజోడు దించుకున్నాడు. "మొదటి రెండేళ్ళూ నీమీద కోపం లేదని అబద్ధం చెప్పను. రోజూ అనుకునేవాణ్ణి, ఇవాళ వస్తుంది, వచ్చి చెప్తుంది అని. తలుపు చప్పుడైతే నువ్వే అనుకునేవాణ్ణి. వచ్చేదానివి, బన్నులిచ్చి పోయేదానివి."

ఆ మాటకి సిగ్రూన్ తల ఎత్తలేకపోయింది. తిట్టినా ఇంత బాధపడేది కాదు.

"తర్వాత ఆలోచించుకున్నా," అన్నాడు ఐవిన్. "నేను చెప్తే నా పేరు బాగవుతుంది, సరే. నీ సంగతేంటి? బావ మాటల్లేకపోతే నాకేం, రేడియో ఉంది. నీకు ఆ వంటింట్లో ఎదురుగా కూర్చునేది వాడొక్కడే కదే."

సిగ్రూన్ ఏడ్చింది. బన్నుల గుడ్డతోనే మొహం తుడుచుకుంది. ఐవిన్ ఓదార్చలేదు, ఆయనకది రాదు. బల్లమీదున్న స్కీలని విప్పి పక్కన పెట్టాడు. బల్ల ఖాళీ చేశాడు.

"ఇప్పుడెందుకు చెప్పావు?"

"రేపు కూడా సున్నాయే. అతని మోకాళ్ళకి ఇదే ఆఖరు."

"అయితే మూడింటిలోపు స్కీలు పంపు. ఆ జామ్ గీకడానికే గంట పడుతుంది."

"వస్తాడంటావా?"

"నాకేం తెలుసు? మాట్లాడి పందొమ్మిదేళ్ళయింది."

*

ఆమె తిరిగొచ్చేసరికి హాల్వర్ నేలమాళిగలో, జిగురు మైనం చేతికంటుకుని, ఆ చేతికి నిన్నటి పేపరంటుకుని, పేపరు వదిలించుకోవడానికి రెండో చేయి వేసి, రెండు చేతులా ఇరుక్కుని ఉన్నాడు. ఇంకో రోజైతే సిగ్రూన్ పడీపడీ నవ్వేది.

"కత్తెర తే," అన్నాడు.

"ముందు నేనొకటి చెప్పాలి."

మెట్ల చివర నిలబడి చెప్పింది. తడి మంచు, కుర్చీ, పొయ్యి, గంటన్నర, అన్నీ వరసగా చెప్పింది. ఐవిన్‌కి ముందే తెలుసని, తన కోసమే నోరు విప్పలేదని కూడా చెప్పింది. ఒక్కటీ దాచలేదు, సాకులేవీ చెప్పలేదు. హాల్వర్ పేపరు చేతులతో అలాగే నిలబడి విన్నాడు. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"పొయ్యికి ఎంత దూరంలో పెట్టావు?"

"ఒక మూర."

ఆయన తల పంకించాడు, లెక్క సరిపోయినట్టు. స్పిరిటు పోసుకుని చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు. స్కీలు చంకన పెట్టుకుని, ఆమె పక్కనుంచి మెట్లెక్కి, టోపీ కూడా లేకుండా వెళ్ళిపోయాడు.

ఆరింటికి వచ్చాడు. చేతిలో స్కీలు లేవు. సిగ్రూన్ ఉడకబెట్టిన కాడ్ చేప, బంగాళాదుంపలు వడ్డించింది. తిన్నాడు. కంచం తీసి కడిగాడు. కిటికీ దగ్గర కాసేపు నిలబడి మేడ మీదికి పోయాడు. ఒక్క మాటా లేదు.

ఏ మౌనానికి భయపడి ఇన్నేళ్ళు నోరు మూసుకుందో అది వచ్చి కూర్చుంది. చెప్పకుండా ఉండాల్సిందని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. తన మూలంగా అన్న ఇలాంటి సాయంత్రాలు ఎన్ని గడిపాడో అప్పుడు లెక్కకొచ్చింది. ఆమె గిన్నెలన్నీ కడిగేసి, కడిగినవే మళ్ళీ కడిగింది.

కొట్టులో ఆ మధ్యాహ్నం జరిగింది ఆమెకి తర్వాతెప్పుడో తెలిసింది. జరిగింది కూడా ఎక్కువేం లేదు. హాల్వర్ స్కీలు బల్లమీద పెట్టి, "గీకాలి" అన్నాడు. ఐవిన్ చూసి, "కనిపిస్తూనే ఉంది" అన్నాడు. తర్వాత మూడు గంటలపాటు ఒకడు గీకితే ఒకడు తుడిచాడు, ఒకడు ఇస్త్రీపెట్టె పట్టుకుంటే ఒకడు డబ్బా అందించాడు. వెళ్ళబోతూ గుమ్మంలో హాల్వర్, "బన్నులు మిగిలాయా?" అన్నాడు. ఒకటి మిగిలింది. తినేసి పోయాడు.

*

శనివారం పొద్దున ఆరింటికి సిగ్రూన్ కాఫీ పెట్టడానికి దిగింది. అప్పుడే తెల్లవారుతోంది. కిటికీలోంచి చూస్తే, బయట గోడకి ఆనించి హాల్వర్ స్కీలు. ఎప్పుడొచ్చాయో, ఎవరు తెచ్చారో. వాలుగా తడి మంచు కొడుతోంది. స్కీలు తడిసి ముద్దవుతున్నాయి.

బుద్ధి గడ్డి తిన్నదని తెలిసినా చేతులు ఊరుకోవు. లోపలికి తీసుకురావాలని కాదు, ప్రమాణం చేస్తుంది కావాలంటే. పైన పేరుకున్న మంచు ఒక్కసారి తుడుద్దామనే. ఉన్ని మేజోళ్ళతోనే గడప దాటింది, చేతిలో వంటింటి గుడ్డ.

"ముట్టుకోకు!"

రెండు గొంతులు ఒకేసారి లేచాయి. ఒకటి మేడ కిటికీలోంచి, చొక్కా లేని హాల్వర్‌ది. ఇంకొకటి వాకిట్లో మంచు కప్పిన కారులోంచి. కారు తలుపు తోసుకుని ఐవిన్ దిగాడు, చేతిలో థర్మామీటరు. అయిదింటి నుంచి కాపలా కాస్తున్నాడట.

సిగ్రూన్ చేతులు పైకెత్తి, తుపాకీ చూసినట్టు నిలబడిపోయింది.

"చెప్పానా లేదా?" అన్నాడు ఐవిన్ కిటికీ వైపు చూసి. "దీన్ని కట్టేసి పడుకోమన్నానా లేదా?"

"మంచం కోడుకి తాడు దొరకలేదు బావా," అన్నాడు హాల్వర్. "ఎంతుంది?"

"ఇక్కడ సున్నా. పైన మైనస్ తొమ్మిదట."

"ఆఁ." కిటికీ మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. "సిగ్రూన్, కాఫీ మూడు కప్పులు పెట్టు. ఆ గుడ్డ అవతల పారెయ్యి."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, మేజోళ్ళు తడిసి కాళ్ళు మొద్దుబారాయి. లోపలికెళ్ళి మూడు కప్పులు కడిగింది. మూడోది అలమారాలో అడుగున పడి ఉంది, దుమ్ము పట్టి.

*

గడువు నాలుగున్నర గంటలు. తొమ్మిదింటికి బయల్దేరినవాళ్ళు ఒంటిగంటన్నరలోపు ఊళ్ళోకి రావాలి. సిగ్రూన్ పందెం చివర్లో బల్ల దగ్గర, పోస్టాఫీసు మారిట్‌తో కలిసి వేడి పళ్ళరసం పోస్తోంది. మారిట్ ఊళ్ళో కబుర్లకి కేంద్ర కార్యాలయం. ఐవిన్ ఎప్పటిలాగే కంచె చివర, జనానికి ఎడంగా నిలబడ్డాడు. ఆ కంచె చివర నిలబడడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్ళు.

ఒంటిగంట ఇరవై. హాల్వర్ లేడు. ఇరవై అయిదు. సిగ్రూన్ రసం గ్లాసులో కాక పక్కన పోసింది. ఒంటిగంటన్నర అయింది, గంట కొట్టారు.

ఆరు నిమిషాలు దాటాక మలుపులో కనిపించాడు. స్కీలు నీళ్ళమీద పడవలా జారుతున్నాయి. పైనున్న మనిషే కర్రల మీద వేలాడుతూ వస్తున్నాడు. గీత దాటి, వంగి, మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. లోటా పోయింది. ఇక రాదు. చుట్టుపక్కల వాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు.

హాల్వర్ స్కీలు విప్పాడు. రెండూ చేత పట్టుకుని కంచె చివరికి నడిచాడు. పాతవాళ్ళకి గుర్తొచ్చింది. మారిట్ గరిటె గాల్లోనే ఆగిపోయింది.

హాల్వర్ స్కీలు గిరాటెయ్యలేదు. తిరగేసి, అడుగు భాగం జనం వైపు పట్టాడు. కడిగిన కంచంలా శుభ్రంగా ఉంది. ఒక్క మంచు రవ్వ లేదు.

"పైన పట్టింది, కింద జారింది," అన్నాడు, ఊరంతటికీ వినబడేలా. "నలభై రెండు కిలోమీటర్లూ వంక పెట్టడానికి లేదు. మోకాళ్ళే మొండికేశాయి." ఊపిరి తీసుకున్నాడు. "ఆ ఏడాది కూడా మైనం సరిగ్గానే ఉంది. తప్పు నాది. ఎక్కేముందు చేత్తో తాకి చూసుకోలేదు."

ఐవిన్ చెయ్యి చాచి స్కీలు అందుకున్నాడు.

సిగ్రూన్ విన్నది. మొగుడు తప్పు మీదేసుకున్నాడు. అన్న ఇన్నేళ్ళు మోసిన బరువుని ఇప్పుడు ఇతను ఎత్తుకున్నాడు, ఆమె వేలికి కూడా తగలకుండా. నోరు మూసుకుంటే సరిపోతుంది. అందులో ఆమెకి అనుభవం ఉంది.

తన చేతిలో గరిటె కింద పెట్టింది.

"కాదు," అంది. గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "అతనికేం తెలియదు. స్కీలని ఇంట్లోకి తెచ్చింది నేను. పొయ్యి పక్కన పెట్టింది నేను. మా అన్న పేరు పోతుంటే చూస్తూ కూర్చుంది కూడా నేనే."

మారిట్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పొయ్యి పక్కనా? మైనం పూసిన స్కీలనా? గంటల తరబడా?"

"గంటన్నర."

"ఎంత దూరంలో?"

"మూరెడు!" అని అరిచాడు హాల్వర్ కంచె దగ్గర్నుంచి. "ఇంకేమన్నా అడగాలా మారిట్? లేకపోతే ఆ రసం చల్లారకముందే పోస్తావా?"

ఎవరో ముందు నవ్వారు. తర్వాత అందరూ. పందొమ్మిదేళ్ళ కింది నవ్వు కాదిది. ఐవిన్ కూడా నవ్వుతున్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

ఇద్దరూ బల్ల దగ్గరికి వచ్చారు. హాల్వర్ కుంటుతున్నాడు, స్కీలు ఐవిన్ భుజం మీద ఉన్నాయి. నూర్‌లియాలో ఇకమీద ఎవరి సమాధి దగ్గర ఏ కథ చెప్పుకుంటారో సిగ్రూన్‌కి తెలుసు. మంచిదే పాపం, కానీ ఆ ఏడాది పొయ్యి పక్కన... అంటారు. అననీ. ఇన్నేళ్ళకి మొదటిసారి ఆమె ఛాతీ మీద బరువు లేదు.

"రెండు గ్లాసులు పోయ్," అన్నాడు హాల్వర్. "మా బావకి కాస్త ఎక్కువ."

ఆమె పోసింది. అన్న గ్లాసు అంచు దాటి బల్ల మీద ఒలికింది.